దేవుడి పటం వెనక కాగితం

రుమైథియా, కువైట్
4 మే 1990, శుక్రవారం

నరసింహులూ,

నువ్వూ కళావతీ పిల్లదీ చల్లగా ఉండాలని పొద్దున మొక్కుకొని, ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. నేను బాగున్నాను, మోకాళ్లు తప్ప.

పెద్దమామాకు, ఈ ఇంటి ముసలి యజమానురాలికి, కుడిచెయ్యి కూడా పడిపోయింది. ఎడమచేతిలో తస్బీ, వాళ్ల జపమాల, పెడితే ఒక్కో పూస తిప్పుకుంటూ పడుకొని ఉంటుంది. ఆమె కొడుకూ కోడలూ పిల్లలతో ఎప్పటిలాగే జూలైలో లండన్ పోతారు. ముసలామె దగ్గర నేనుంటాను.

ఈ రోజు మా ఉత్తరాల శుక్రవారం. వెనక గేటు నీడకు, చుట్టుపక్కల ఇళ్లల్లో పనిచేసే మనవాళ్లు ఐదుగురు వచ్చారు. అయిదో తరగతి చదివింది నేనొక్కదాన్నే కాబట్టి అందరి ఉత్తరాలూ నేనే చదవాలి. చిట్టెమ్మకు మొగుడు రాశాడు, పదివేల దాకా రైతుల అప్పులు సర్కారు మాఫీ చేసిందని, అయినా డబ్బు పంపడం ఆపొద్దని. "అప్పు లేదంటాడు, దుడ్లు పంపమంటాడు, ఇదేం లెక్కక్కా?" అనింది చిట్టెమ్మ. సుల్తాన్‌బీ, "అప్పు పోయిందిగానీ మొగుడు పోలేదు కదమ్మే" అనింది. చాలాసేపు నవ్వుకున్నాం.

వాళ్లు పోయాక నాకు నీ లోన్ స్కాలర్‌షిప్పు గుర్తొచ్చింది. ఆ మాఫీలో నీ అప్పు కూడా పోతుందా? ఆఫీసులో అడిగి రాయి. పోకపోయినా దిగులుపడొద్దు. పదేళ్లు పంతులుగా చేస్తే మొత్తం కొట్టేస్తామన్నారు కదా. ఈ జూలైకి తొమ్మిది నిండుతాయి. ఇంకొక్క ఏడాది, నాయనా. మధ్యలో మానితే వడ్డీ మీద వడ్డీ వేసి నలభై వేలు కట్టమంటారు. జామీను సంతకం నాది, చూపించింది మీ బావ వదిలిపోయిన రెండెకరాలు. ఆ చేను మీద మీ చిన్నక్క మునిలక్ష్మి ఇల్లు నడుస్తోంది.

బడిలో పనిచేస్తున్నావని మార్చి సర్టిఫికెట్టు హెడ్మాస్టరు చేత రాయించి పంపినావా? రసీదు జాగ్రత్త.

పిల్లదానికి ఎండలో టోపీ పెట్టండి.

అక్క
అంకాలమ్మ


రాయచోటి
28 మే 1990

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. ఆ మాఫీ చేలకు, ఎడ్లకు, మగ్గాలకు. చదువుకు కాదు. ఆఫీసులో అడిగితే గుమాస్తా నవ్వి, "మీరు బాటనీ చదివినారు కదా సార్, దాన్ని వ్యవసాయం కింద రాయమంటారా" అన్నాడు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

రూళ్ల సంగతి నువ్వు తేలిగ్గా అనుకుంటున్నావు. నేను బడిలో చేరినప్పుడు ఐదేళ్లు చాలన్నారు. రెండేళ్లు గడిచాక పదేళ్లు చేశారు. ఆ వెంటనే, ఇకమీదట పల్లె బడి అయితేనే లెక్క అన్నారు. రాయచోటి నుంచి రోజూ పదమూడు కిలోమీటర్లు సైకిలు తొక్కే పల్లెకు బదిలీ చేయించుకున్నాను. మార్చిలో సర్టిఫికెట్టు అన్నారు, ఇప్పుడు జూన్‌లో కూడా ఇంకొకటి కావాలంటున్నారు. కొత్త రూలు వచ్చిన సంగతి పాత రూలు ప్రకారం అన్నీ చేసి పంపాక తెలుస్తుంది. ఆ గుమాస్తాకు నెలకొకసారి నేను టీ తాగిస్తాను, కొత్త కాగితం ఏదైనా వస్తే ముందు చెబుతాడని.

ఒక విషయం రాయాలి. తిరుపతిలో మా ప్రొఫెసరు గారు నా కోసం పరిశోధన సీటు ఒకటి ఆపి ఉంచారు. మన కొండల్లో మొక్కల మీద పని. నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు మొదలుపెట్టి వదిలేసిన పనే. ముప్పై అయిదు దాటితే తీసుకోరు. డిసెంబరు పదకొండుకు నాకు ముప్పై అయిదు నిండుతాయి. "ఇంకొక్క ఏడాది" అని నువ్వు రాసినచోట చాలాసేపు ఆగిపోయాను.

రెండేళ్ల కింద నీ చేతిలో ఒక పని ఉండింది. నువ్వు చెయ్యలేదు. కారణం ఉండే ఉంటుంది. మళ్లీ అడగను.

పిల్లది నడుస్తోంది. కళావతి నీకు నమస్కారం చెప్పమంది.

తమ్ముడు
నరసింహులు


రుమైథియా
22 జూన్ 1990, శుక్రవారం

నరసింహులూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను చెయ్యని పని ఏమిటో తెలుసు. రెండేళ్ల కింద కళావతి తమ్ముడు వెంకటరాముడికి డ్రైవరు వీసా తీయిస్తానని మాటిచ్చి తియ్యలేదు. అప్పుడు బాబాను, మా యజమానిని, అడగడానికి నోరు రాలేదు. జీతం పెంచమని అడిగి నెల కూడా కాలేదు.

ఆ కోపం నువ్వు మనసులో ఉంచుకున్నావని తెలియదు. కళావతి పుట్టింట్లో నీ మాట పోయి ఉంటుంది. పోయిన వారం బాబా కాఫీ తాగేటప్పుడు అడిగాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "తయ్యిబ్, అంకాలా" అన్నాడు. సరే అని. మొన్న వీసా కాగితం తెచ్చిచ్చాడు, ఈ కవరులోనే పెట్టాను. వెంకటరాముడిని మెడికల్ చేయించుకొని ఆగస్టులో రమ్మను. ఇక మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

తిరుపతి సంగతి. నువ్వు పెద్ద చదువు చదవాలని నాకు లేదనుకోకు. కానీ నలభై వేలు నా దగ్గర లేవు. ఉన్నది మునిలక్ష్మి మొగుడి ఆపరేషనుకు అయిపోయింది. చేను పోతే వాళ్లు ఏం తింటారు? ప్రొఫెసరు గారిని వచ్చే జూలై దాకా ఆగమని అడుగు. పెద్దవాళ్లు అడిగితే వింటారు. నేను శనివారాలు ఉపవాసం ఉంటున్నాను, నీ పని గురించే.

జూన్ సర్టిఫికెట్టు మరవొద్దు.

అక్క


రాయచోటి
24 జూలై 1990

అక్కకు నమస్కారం.

వీసా అందింది. వెంకటరాముడు ఊరంతా స్వీట్లు పంచాడు. కళావతి పుట్టింట్లో నీ ఫోటో అడుగుతున్నారు. ఇదంతా చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను రాసింది వీసా గురించి కాదు.

ఇన్నాళ్లు అడగకపోవడం నా తప్పే. ఇప్పుడు తెరిచి రాస్తున్నాను.

1988లో ఒక రూలు వచ్చింది. పల్లె బడిలో అయిదేళ్లు చేసినవాళ్లను మిగతా గడువు లేకుండా విడుదల చేస్తామని. అప్పు మొత్తం కొట్టేస్తారు. బాండు రద్దు కావాలి కాబట్టి జామీను ఉన్నవాళ్లు ఒప్పుకొని సంతకం చెయ్యాలి. ఆరు నెలల గడువు. ఆ ఫారం నీకు కువైట్ అడ్రసుకు పంపామని నాకు నకలు వచ్చింది. "ఆఫీసు నుంచి ఏదైనా వచ్చిందా అక్కా" అని నీకు రాశాను. నువ్వు రాసిన జవాబు నా దగ్గర ఇంకా ఉంది. "వచ్చింది. దేవుడి దగ్గర పెట్టాను. నువ్వు బడి మానొద్దు." అంతే.

దేవుడి దగ్గర పెట్టానంటే, ఇంక దాని సంగతి ఎత్తొద్దని అర్థం చేసుకున్నాను. చేను పోతుందేమోనని నీకు భయం, లేదా నేను ఊరు వదిలితే మునిలక్ష్మక్కకు దిక్కుండదని. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీకు ఎదురు చెప్పడం నాకు రాలేదు. ఆరు నెలలు పోస్టుమాన్ సైకిలు గంట వింటూ కూర్చున్నాను. గడువు అయిపోయిన రోజు క్లాసులో పిల్లలకు ఆకుపచ్చదనం ఎందుకుంటుందో చెబుతూ మధ్యలో ఆపేశాను. ఎక్కడ ఆపానో గుర్తురాలేదు. ఒక పిల్ల లేచి, "సార్, ఎండ దగ్గర ఆపినారు సార్" అనింది.

ఇప్పుడు గుమాస్తా టీ ఫలించింది. గడువు దాటినవాళ్లకు చివరిసారిగా అక్టోబరు 31 దాకా అవకాశం ఇచ్చారట. ఆ తర్వాత ఉండదు. కొత్త ఫారం ఈ కవరులో ఉంది. పెన్సిలుతో గీత పెట్టినచోట సంతకం చెయ్యి. కింద ఇద్దరు సాక్షులు కావాలి. పాత ఫారం ఇంకా ఉంటే అది కూడా చెల్లుతుందట. ఇష్టం లేకపోతే లేదని రాయి. కోపం తెచ్చుకోను. కానీ ఈసారి దేవుడి దగ్గర పెట్టొద్దు అక్కా. పోస్టు డబ్బాలో వెయ్యి.

తమ్ముడు
నరసింహులు


రుమైథియా
14 సెప్టెంబరు 1990, శుక్రవారం

నరసింహులూ,

బతికే ఉన్నాను. ముందు అది రాస్తున్నాను.

నీ ఉత్తరం ఏదీ జూన్ తర్వాత అందలేదు. ఆగస్టు రెండున తెల్లవారేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులు. ఇంటివాళ్లు లండన్‌లోనే ఉండిపోయారు. పెద్దమామా, నేను ఇద్దరమే. ఫోను లేదు, పోస్టు లేదు. జమియా దుకాణం దగ్గర రొట్టెకు నాలుగు గంటలు నిలబడాలి. చిట్టెమ్మ, మిగతావాళ్లు వెళ్లిపోయారు. సుల్తాన్‌బీ వాళ్లింటి యజమానురాలు పురుటికి ఉందని ఆగిపోయింది. వెంకటరాముడు ఇంకా బయల్దేరలేదనే అనుకుంటున్నాను. బయల్దేరకపోతే అది ఆ ఏడుకొండలవాడి దయ.

ఈ ఉత్తరం కనకవల్లమ్మ చేతికిస్తున్నాను. పక్క భవనంలో ఉంటారు, విజయవాడ వాళ్లు. భర్త మురళీధర్ గారు ఇంజనీరు. వాళ్ల పాప పుట్టినప్పుడు నేనే నలుగు పెట్టి నీళ్లు పోశాను. రేపు బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయి, అక్కడ విమానం ఎక్కుతారట. నాకూ ఒక సీటు పట్టారు. "రండి అంకాలమ్మ గారూ, ఇక్కడ ఎవరున్నారని మీకు?" అని చెయ్యి పట్టుకుంది. లోపల పెద్దమామా వింటోంది. తెలుగు తెలియదు కదా, అయినా తస్బీ తిప్పడం ఆపేసింది. రానని చెప్పాను.

ఇక అసలు సంగతి.

మొన్న సైనికులు ఇల్లు వెతికారు. పిల్లలు. మీసాలు కూడా సరిగా రాలేదు. ఒకడు నా బీరువా తలుపు లాగాడు. ఈ ఇంట్లో దేవుడి పటం బయట పెట్టుకోలేను, అందుకే తలుపు లోపల మేకుకు తగిలించుకున్నాను. అది కిందపడి అద్దం పగిలింది. పటం వెనకనుంచి కవరు జారింది. సింహాల ముద్ర కవరు. వాడు తిప్పి తిప్పి చూసి, "శినూ హాదా?" అన్నాడు. ఇదేమిటి అని. తెలియదని చెప్పాను. వాడు నమ్మలేదు. ఎవరు నమ్ముతారు, రెండేళ్లు దాచుకున్న కాగితం ఏమిటో తెలియదంటే? చివరికి నా ఒళ్లో పడేసి పోయాడు.

కనకవల్లమ్మకు చూపించాను. మొదటినుంచి చివరిదాకా చదివింది. తర్వాత, "ఇది నోటీసు కాదండీ. మీ తమ్ముడుగారిని విడుదల చెయ్యడానికి మీ సంతకం అడిగారు. గడువు ఎనభై ఎనిమిదిలోనే అయిపోయింది" అంది.

నరసింహులూ, నేను దాన్ని విప్పలేదని కాదు, విప్పాను. అంతా ఇంగ్లీషు. ముద్ర చూసి డబ్బు కట్టమనే నోటీసే అనుకున్నాను. శుక్రవారం అందరి ఉత్తరాలు చదివేదాన్ని. నా కాగితం ఇంకొకరి చేత చదివించుకుంటే మా తమ్ముడికి అప్పుందని రుమైథియా అంతా తెలుస్తుందని సిగ్గుపడ్డాను. నీకు పంపితే భయపడి రాత్రీ పగలూ దిగులుపడతావనుకున్నాను. దేవుడి దగ్గర పెట్టి, దీన్ని నువ్వే చూసుకో స్వామీ అన్నాను.

ఇంకొక మాట కూడా ఉంది. అది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది. ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవాలని నాకు లేదు. నువ్వు ఆ బడిలో ఉంటే ఊళ్లో ఉంటావు, మునిలక్ష్మి గడప తొక్కుతూ ఉంటావు అని నా లోపల ఉండింది. అందుకని అడగలేదు. అడగకుండా మొక్కాను. ఈ అప్పు తీర్చు స్వామీ అని రెండేళ్లు రోజూ ఆ పటానికే దండం పెట్టాను. ఆయన ఎప్పుడో తీర్చి పటం వెనకే పెట్టాడు.

గడువు పోయిన కాగితం మీదే సంతకం పెట్టాను. సాక్షులు మురళీధర్ గారు, కనకవల్లమ్మ. దీనితో ఇప్పుడు పని లేదని తెలుసు. అయినా నువ్వు చూడాలి.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు.

అక్క


రాయచోటి
29 అక్టోబరు 1990, సోమవారం

అక్కా,

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియదు. జూలైలో నేను రాసింది సెప్టెంబరు నెలాఖరులో తిరిగొచ్చింది, సర్వీసు ఆపేశారని ముద్ర వేసి. విప్పని కవరు నా చేతికే వచ్చింది.

నీ నుంచి జూన్ తర్వాత ఒక్క అక్షరం లేదు. దసరాలో కువైట్ నుంచి సిద్ధయ్య వచ్చాడని తెలిసి పోయాను. రిగ్గైలో వడ్రంగి పని చేసేవాడు. "రుమైథియాలో మీ అక్కున్న సందు చూసినానన్నా. ఇల్లు కాలిపోయింది. ఎవురూ మిగల్లేదంట" అన్నాడు. ఏ ఇల్లు, గేటు రంగేమిటి అని అడిగాను. తలుపులే లేవు అన్నాడు.

ఈ రోజు ఆఫీసుకు పోయాను. గడువు ఎల్లుండితో అయిపోతుంది. గుమాస్తా మంచివాడే. గొంతు తగ్గించి, "జామీను ఉన్నామె సంతకం లేకుంటే కుదరదు సార్. లేదు, ఆమె లేరు అంటే అది వేరే సంగతి. లేరని రాసిస్తే వారసురాలి సంతకం చాలు" అన్నాడు. నా ముందు కాగితం పెట్టి, పెన్ను క్యాపు తీసి ఇచ్చి, టీకి వెళ్లిపోయాడు.

రాశాను.

సిద్ధయ్య మాట నమ్మి రాశానని చెప్పుకోవచ్చు. కానీ నీకు అబద్ధం రాయలేను. నేను నమ్మలేదక్కా. నమ్మకుండానే రాశాను. సంతకం పెట్టేటప్పుడు డిసెంబరు పదకొండు గుర్తొచ్చింది, నువ్వు గుర్తురాలేదు.

మునిలక్ష్మక్క చేత నీ వారసురాలిగా సంతకం పెట్టించాల్సి వచ్చింది. కాగితమేమిటో చెప్పాను. పెట్టింది, చేను కోసం. పెట్టి, నన్ను గడప దాటి లోపలికి రానివ్వలేదు. "తలమీద నీళ్లు పోసుకొని రా పో. బతికుండేదాన్ని చంపి వచ్చినావు" అనింది. ఆమె వాకిట్లోనే తొట్టి నీళ్లు పోసుకున్నాను. తడిబట్టలతో ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

చదివేదానివి నువ్వు ఉంటే చాలు.

నరసింహులు


రుమైథియా
22 మార్చి 1991, శుక్రవారం

నరసింహులూ,

యుద్ధం అయిపోయింది. ఈ ఉత్తరం ఒక నర్సమ్మ సౌదీ మీదుగా తీసుకుపోతోంది.

నూనె బావులు కాలుతున్నాయి. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి, కరెంటు ఉంటే. ఆరేసిన బట్టల మీద నల్లటి చుక్కలు పడతాయి. మా సందులో పక్కిల్లు కాలిపోయింది. మా ఇంటికి కిటికీలు మాత్రం పోయాయి.

పెద్దమామా జనవరిలో పోయింది. బాంబులు పడే రెండో వారం. సుల్తాన్‌బీని పిలుచుకొచ్చాను. పెద్దమామా చెవి దగ్గర వాళ్ల ప్రార్థన, కలిమా, చదివింది. నేను కాళ్లు పట్టుకొని కూర్చున్నాను. మన మంత్రాలేవీ నోటికి రాలేదు. గోవిందా అని మాత్రం అనుకున్నాను లోపల. ఆమె తస్బీ నా దగ్గరే ఉంది. కొడుకు వచ్చాక ఇవ్వాలి.

కనకవల్లమ్మ ఉత్తరం చేర్చిందా? నువ్వు చదివావా? ఆ విషయం తప్ప నాకు ఇంక ఏ దిగులూ లేదు. జూలైకి పదేళ్లు నిండుతాయి. ఎలాగోలా తీరిపోతుంది. తిరుపతి సీటు పోయి ఉంటుంది. దానికి నేను ఏం చెప్పినా చాలదు.

ఒక్క ముక్క రాయి.

అక్క


తిరుపతి
20 ఏప్రిల్ 1991

అక్కకు నమస్కారం.

నీ చేతిరాత చూసి కళావతి కవరు విప్పకముందే ఏడ్చింది. మునిలక్ష్మక్కకు కబురు పంపాను. ఆమె కొబ్బరికాయ కొట్టి, నా నెత్తిన మళ్లీ ఒక చెంబు నీళ్లు పోసింది. ఈసారి నవ్వుతూ. వెంకటరాముడు క్షేమం. బొంబాయి రైలుకు ముందురోజే రేడియోలో వార్త విన్నాడు. నీ వీసా కాగితం ఇంకా ట్రంకులో ఉంది. మళ్లీ పనికొస్తుందా అని అడుగుతున్నాడు.

పైన తిరుపతి అని చూసి నీకు అర్థమై ఉంటుంది. జూలైలో రాసిన ఉత్తరం, అక్టోబరులో రాసి పంపలేకపోయింది, రెండూ ఇందులో పెట్టాను. ముందు అవి చదువు. ఆ తర్వాత ఇది.

చదివావా?

కనకవల్లి గారు అమ్మాన్‌లో పదిహేను రోజులు గుడారంలో ఉన్నారట. విజయవాడ చేరి జ్వరంతో పడిపోయారట. లేచినరోజే నీ కవరు పోస్టు చేశానని, ఆలస్యమైనందుకు క్షమించమని చీటీ పెట్టారు. నవంబరు రెండున అందింది. గడువు అయిపోయి రెండు రోజులు. నీ సంతకం ఉన్న పాత ఫారం అందులో ఉంది. పెన్ను ఎంత నొక్కి రాశావంటే కాగితం వెనకవైపు వేలు పెడితే తెలుస్తోంది.

నువ్వు వద్దన్నావని రెండేళ్లు నీ మీద కోపం పెట్టుకున్నాను. నువ్వు చదవనే లేదు. ఒక్క ఉత్తరంలో, అక్కా ఆ కాగితంలో ఇలా ఉంటుంది, అని రాసి ఉంటే అయిపోయేది. పౌరుషానికి పోయి రాయలేదు. నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ని.

మరునాడే ఆఫీసుకు పోయి మా అక్క బతికుందని చెప్పాల్సింది. మూడు నాలుగుసార్లు సైకిలెక్కాను. ఒకసారి ఆఫీసు మెట్ల దాకా పోయాను. గుమాస్తా చూసి, "ఆర్డరు వస్తోంది సార్, కంగారుపడొద్దు" అన్నాడు. తిరిగొచ్చాను. నవంబరు నెలాఖరులో ఆర్డరు వచ్చింది. బాండు రద్దు, అప్పు రద్దు. దానిలో నీ పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది. డిసెంబరు మొదటి వారంలో బడికి రాజీనామా ఇచ్చి ఇక్కడ చేరాను. పిల్లలు కారియర్ డబ్బా ఒకటి కొనిచ్చారు.

కొండల్లో తిరుగుతున్నాను. పనిలో సంతోషం ఉంది, అబద్ధం చెప్పను. సాయంత్రం ఆకులు కాగితాల మధ్య పెట్టి అణిచేటప్పుడు మాత్రం నీ పేరు గుర్తొస్తుంది.

ఇప్పుడు చెప్పు. పోయి నిజం చెప్పనా? చెబితే ఆర్డరు కొట్టేస్తారు. బడి లేదు, ఇది కూడా ఉండదేమో. చేను మీదికి వస్తారు. చెప్పకపోతే నువ్వు సర్కారు లెక్కలో లేనట్టే. నువ్వు ఏం చెబితే అది చేస్తాను. ఎప్పుడూ అంతే కదా.

నరసింహులు


రుమైథియా
17 మే 1991, శుక్రవారం

నరసింహులూ,

నీ కవరు అందింది. మూడు ఉత్తరాలూ వరసగా చదివాను. సుల్తాన్‌బీ వచ్చి, "ఎవరివక్కా ఈ పొద్దు?" అని అడిగింది. నావే అన్నాను. కూర్చోబెట్టి గొంతెత్తి చదివాను, అన్నీ, తొట్టి నీళ్లతో సహా. ఇన్నేళ్లలో నా ఉత్తరం నేను బయటికి చదవడం ఇదే మొదటిసారి. ఆమె అంతా విని, "చచ్చిపోయినదానివి నా చాయ్ గ్లాసు కడిగిచ్చి పో" అనింది. నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

చావు కబురు తప్పయితే ఆయుష్షు పెరుగుతుందని మన అమ్మ అనేది. నువ్వు నాకు మేలే చేశావనుకుంటాను. నేను చేసింది అలాంటిది కాదు. నీ రెండేళ్లు తిరిగి రావు. ఆ పిల్ల, ఎండ దగ్గర ఆపినారు సార్ అన్న మాట నన్ను వదలడం లేదు. కూర తరుగుతున్నా అదే.

నువ్వు రాసింది అబద్ధమే. కానీ నేను సంతకం పెట్టి ఉంటే ఆ అబద్ధం రాయాల్సిన అవసరం నీకు వచ్చేది కాదు. చదువుకు జామీను ఉన్నాను కదా. ఆ అబద్ధానికి కూడా నేనే ఉన్నాను. దేవుడు అడిగితే ఇద్దరినీ కలిపి అడుగుతాడు.

ఇక నువ్వు అడిగింది.

ఇంటివాళ్లు పోయిన వారం వచ్చారు. తస్బీ చేతిలో పెడితే బాబా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఇనప్పెట్టెను సైనికులు పగలగొట్టినప్పుడు నా పాస్‌పోర్టు, ఇక్కడ ఉండటానికిచ్చిన ఇఖామా కార్డు అన్నీ పోయాయి. కొత్తవాటికోసం మన రాయబార కార్యాలయానికి పోయాను. మూడు గంటలు వరసలో నిలబడ్డాను. అక్కడి అధికారి ఫోటో అతికించి, దాని మీద ముద్ర వేసి, ఈమె అంకాలమ్మ, ఈ తేదీన నా ఎదుట నిలబడింది అని రాసిచ్చాడు. ఇంకొకటి ఇవ్వమన్నాను. ఎందుకన్నాడు. మా ఊరి ఆఫీసులో నేను లేను బాబూ అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఏమీ అడగకుండా రాసిచ్చాడు. అది ఏమని ఉందో ఈసారి అక్కడే చదివించుకున్నాను, పై అక్షరం నుంచి కింది తేదీ దాకా.

దాన్ని ఈ కవరులో పెట్టాను.

ఆఫీసులో ఇవ్వమని చెప్పను. ఇవ్వొద్దని చెప్పను. నువ్వు పుట్టినప్పటినుంచి నేను చెప్పిందే విన్నావు, దానివల్ల ఇంతదాకా వచ్చింది. కట్టాల్సి వస్తే నాకు ఇంకా చేతులున్నాయి, బాబా ఉండమంటున్నాడు. చేను సంగతి మునిలక్ష్మితో నువ్వే కూర్చొని మాట్లాడు. కళావతిని అడుగు. నీ కొండల్లో ఒకరోజు తిరిగి రా. తర్వాత నీకు ఏది సరి అనిపిస్తే అది చెయ్యి. ఏది చేసినా శనివారం ఉపవాసం మాత్రం ఉంటాను, అది నా అలవాటు.

ఒక్కటే అడుగుతాను. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టొద్దు.

అక్క
అంకాలమ్మ